అరుగు మీది కంచం

కరోనా వచ్చిన ఆ మార్చి నుంచి మా అమ్మాయి ముందు తలుపు గుండా ఇంట్లోకి రావడం మానేసింది. ఐర్లండ్‌లో, కిల్కెన్నీ ఊళ్ళో ఆసుపత్రి నర్సు. డ్యూటీ దిగి, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, వానలోనే బూట్లు విప్పి, వెనక గదిలో బట్టలు మెషీన్‌లో పడేసి, స్నానం చేశాకే మా కంటబడేది. అప్పుడు కూడా దగ్గరికి రాదు. వంటగది గుమ్మంలోంచే కూతురికి గాలిలో ఒక ముద్దిచ్చి, తన కంచం పట్టుకుపోయి మెట్ల మీద కూచుని తినేది. నేను పొయ్యి దగ్గర నిలబడి చెవులు అటే పెట్టేదాన్ని. ఒకసారి మంచినీళ్ళు గొంతుకు అడ్డం పడి దగ్గింది. నా చేతిలో గరిటె జారిపోయింది.

అల్లుడు వాళ్ళ నాన్నకు ఆపరేషన్ అని గుంటూరు వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుబడ్డాడు. ఇక్కడ అమ్మాయి, నేను, పదకొండేళ్ళ మనవరాలు. రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికి పోతున్నారని అడుగుతున్నారట. మా వీధిలో అయితే ఆపడానికి మనిషే లేడు. పక్కింటి ముసలావిడ గోడ మీద రొట్టె పెట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపి, లోపలికి వెళ్ళిపోయేది.

మనవరాలి బడి వంటగది బల్ల మీదికి వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మాయి పైన నిద్రపోతుంటే, నేను చిక్కుళ్ళు ఈనెలు తీస్తుంటే, అది కంప్యూటర్ మూసి నా వైపు తిరిగింది.

“అమ్మమ్మా, ఫ్యాక్టరీలు పెడితే వార్ ఎందుకొస్తుంది? ఇట్ మేక్స్ నో సెన్స్.”

“ఏ యుద్ధమే?”

“ఫస్ట్ వరల్డ్ వార్. ఇంట్లో ఎవరినైనా అడగమంది టీచర్. మమ్మీ పడుకుంది.”

“గతిలేక నన్నడుగుతున్నావన్నమాట.”

“నో, యూ టాక్ ద మోస్ట్.”

అదీ నిజమే. నేను మూడో తరగతి దాటలేదు గానీ చెవిన పడ్డదేదీ పోనివ్వను. మా నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు నా దగ్గరే ఉంది.

మా తాతవాళ్ళది మగ్గం ఇల్లు. ముతక గుడ్డ నేసి సంతలో అమ్మేవాళ్ళు. అంతలో ఇంగ్లండు నుంచి సీమ గుడ్డ దిగింది. సన్నం, చవక. మన నేల పత్తే రైలెక్కి, ఓడెక్కి, సీమలో మరయంత్రాల మీద గుడ్డై తిరిగొచ్చింది. మరకు పూటకు ఇంత మేత కావాలి, అది నేసిన గుడ్డ కొనడానికి మనుషులు కావాలి. మేతా మనదే, కొనేదీ మనమే. అది చూసి పక్క దేశాల రాజులూ మరలు పెట్టారు. వాళ్ళకీ నేలలు కావాలి, అంగళ్ళు కావాలి. చూస్తే అప్పటికే అన్నీ ఎవరో ఒకరు పంచుకుపోయారు. ఇంకేముంది, కొట్లాట. ఇనుము కరిగించే కొలుములన్నీ ఫిరంగుల పనిలో పడ్డాయి. ఆ యుద్ధానికి మా తాతా పోయాడు.

“సో, దే ఫాట్ ఓవర్ షాప్స్?”

“షాపుల కోసమే అనుకో. సంతలో చోటు కోసం బుట్టలు విసురుకున్నట్టు. వీళ్ళ బుట్టల్లో గుండ్లున్నాయి, అంతే తేడా.”

“తాతకేంటి మధ్యలో? హీ వాజ్ ఇండియన్.”

“మగ్గం మీద సాలీడు గూడు కట్టింది. సాలీడు అన్నం పెట్టదు కదే. ఓడల్లో బస్తాలు మోసే పనుంది, జీతమిస్తారు అని మేస్త్రీ వచ్చాడు. మగ్గం ఆగిపోయిన ఇళ్ళలో వాళ్ళే ఎక్కువమంది పోయారు.”

అది పుస్తకంలో రాసుకుంది. “టీచర్ కూడా అదే చెప్పింది. ఈ ఊళ్ళో వాళ్ళు కూడా జీతం కోసమే వెళ్ళారట.”

అక్కడితో ఆపాల్సింది. నోరు ఊరుకోలేదు.

తాత ఇరాక్‌లో బస్రా రేవులో బస్తాలు మోసి మోసి, యుద్ధం అయిపోయాక పొగ ఓడలో తిరిగొచ్చాడు. ఓడలో జ్వరాలట. ఈయన ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉండగానే ఇల్లు చేరాడు. చచ్చాడనుకున్న కొడుకు. వాళ్ళమ్మ గడప అవతలే వాటేసుకుంది. కంచంలో అన్నం కలిపి తన చేత్తో ముద్దలు పెట్టింది. ఆయన తినలేక వదిలేసింది తనూ తిన్నది, ఆయన చెల్లెళ్ళిద్దరికీ పెట్టింది. బిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలి కాదు. మా నాయనమ్మ కొత్త కోడలు. అత్త ముందు మొగుడి దగ్గరికి పోకూడదని తలుపు చాటున నిలబడింది. ఆ చాటే ఆమెను కాపాడింది. వారం తిరక్కముందే తల్లీ చెల్లెళ్ళూ పోయారు. తెచ్చినవాడు బతికాడు.

ఆ తర్వాత తాత ఎవరితో కలిసి తినలేదు. నా చిన్నప్పుడు కూడా ఆయన కంచం అరుగు మీదే. నాయనమ్మ తన కంచం తెచ్చుకుని గడపకు ఇవతల కూచునేది. ఒకే వేళకు తినేవాళ్ళు, మధ్యలో గడప. తాతకు చిరాకు, అందుకే ఎవరితో పడదు అనుకునేవాళ్ళం పిల్లలం.

మనవరాలు ఒక్క మాట రాసుకోలేదు. పైన మెట్ల వైపు చూసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మాయి స్నానం చేసి వచ్చి, గుమ్మంలో నిలబడి, “చారు కాస్తున్నావా? వాసన రావట్లేదే” అంది. ఇల్లంతా ఇంగువ ఘుమఘుమలాడుతోంది. నేను మూత తీసి గిన్నె అటు తిప్పాను. ఆమె మొహం మారిపోయింది. పైకి వెళ్ళి చిన్న గది తలుపేసుకుంది. మా జీపీ డాక్టరు ఫోన్‌లోనే మాట్లాడింది. పరీక్ష ఫలితం మేమనుకున్నట్టే వచ్చింది.

కంచం తలుపు దగ్గర పెట్టి, తట్టి, మెట్లు దిగి రావడం నా పని. మొదట్లో కంచం ఖాళీగా వచ్చేది. తర్వాత సగం. దగ్గు పైనుంచి కిందికి, గోడల్లోంచి దిగినట్టు వినిపించేది. ప్రార్థన చేద్దామని మోకరిస్తే, దగ్గులే లెక్కపెడుతూ ఉండిపోయేదాన్ని. బస్రా ఎక్కడో, కిల్కెన్నీ ఎక్కడో. వందేళ్ళు దాటి ఆ ఓడ మా మెట్లెక్కింది.

ఒక పొద్దున కంచం పెట్టింది పెట్టినట్టే ఉంది. తట్టాను. పిలిచాను. పలకలేదు. నేను అన్నం కలిపి ముద్ద పట్టుకున్నాను. ఇంకో చెయ్యి తలుపు పిడి మీద వేశాను.

“అమ్మమ్మా, డోంట్.” మనవరాలు మెట్ల మీద నిలబడి ఉంది. “యూ టోల్డ్ మీ. ముద్దలు పెట్టింది, దెన్ దే ఆల్ డైడ్.”

“అది కాదే, మీ అమ్మ పలకట్లేదు.”

“ఫోన్ చేస్తా.” లోపల మోగింది. మోగుతూనే ఉంది. నేను పిడి వదల్లేదు. చివరికి “ఊఁ” అని వినిపించింది, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు.

అప్పుడు తలుపు పక్కనే నేల మీద కూచున్నాను. ముక్కూ నోరూ కొంగుతో చుట్టుకుని చెప్పాను. “కంచం తలుపు దగ్గర పెట్టి వెనక్కి జరుగుతా. తీసుకో. నాకూ తెచ్చుకుంటా. నువ్వు తింటేనే నేను తింటాను.”

“ఆకలి లేదమ్మా.”

“నాకుంది. నన్ను పస్తుపెడతావా?”

చాలాసేపటికి తలుపు తెరుచుకుని కంచం లోపలికి పోయింది. చెంచా చప్పుడు విని నేను మెట్ల చివర ఒక ముద్ద తిన్నాను. రోజూ అట్లాగే తిన్నాం. ఒక రోజు చెంచా ఆగిపోయింది. నా చేతిలో ముద్ద కూడా ఆగింది.

“అమ్మా, పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయావు.”

నా కంచంలోది రుచి చూశాను. నిజమే.

ఆమె కిందికి దిగిన మధ్యాహ్నం మనవరాలు బల్ల మీద మూడు కంచాలు పెట్టింది. పొద్దుటి నుంచి నా గొంతు గరగరమంటోంది. ఉత్త జలుబేనని తర్వాత తేలింది, అప్పుడు తెలియదు. చెప్పలేదు. నా కంచం తీసుకుని పెరటి తలుపు బయట మెట్టు మీద కూచున్నాను. సన్న జల్లు పడుతోంది.

“అక్కడెందుకమ్మా, చలి” అంది అమ్మాయి.

“గాలి బాగుందిలే.”

మనవరాలు నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది. తన కంచం ఎత్తుకుని వచ్చి గడపకు అవతల చాలా ఎడంగా కూచుంది.

“దగ్గరికి రాకు” అన్నాను.

“ఐ నో, అమ్మమ్మా,” అంది. “తిను.”