అత్త ఉంచేసిన ఊరు

మా అత్త పోయిందన్న కబురు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. అరసవల్లి నుంచి బావ ఫోను. బావంటే అత్త కొడుకు, మాట పొదుపు మనిషి. "పొద్దున్న గుడి దాకా నడిసెల్లి వచ్చినాది. వరండాలో కుర్సీలో కూకున్నాది. మరి లెగనేదు" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకో ఆలోచన వచ్చింది. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఇక నాకు పిట్టల్ని ఎవరు చూపిస్తారు?

ఆ పిట్టల సంగతి తెలియాలంటే ముందు అత్త సంగతి తెలియాలి.

ఆమె మా నాన్నకి అక్క. నాన్న ఉద్యోగం గుంటూరు వైపు కావడంతో మేం అక్కడివాళ్ళమైపోయాం. సెలవులిస్తే మాత్రం నన్ను రైలెక్కించి శ్రీకాకుళం పంపేవాళ్ళు. అత్త ఇల్లు అరసవల్లిలో, సూర్యనారాయణమూర్తి గుడికి రెండు సందుల అవతల. గుడికి అంత దగ్గర్లో ఇల్లుంటే చుట్టాలకి లోటుండదు. మొక్కు తీర్చుకోవడానికొచ్చినవాళ్ళు, రథసప్తమికొచ్చినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన వాళ్ళ చుట్టాలు, అందరూ అత్త ఇంట్లోనే దిగేవాళ్ళు. "మాది ఇల్లు కాదు, బోర్డు నేని లాడ్జి" అనేవాడు బావ. దిగినవాళ్ళని అత్త ఊరికే వదిలేది కాదు. దర్శనం అయిందా, కాఫీ తాగారా, ఇక పదండి. టిఫిను క్యారేజీలో పులిహోర, సంచిలో మంచినీళ్ళ సీసాలు, భుజం మీద తువ్వాలు. బస్టాండు కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఆ తువ్వాలు సీటు మీద పడేది. ఆ సీటు ఎప్పుడూ వచ్చినవాళ్ళదే, అదీ ఏరు కనిపించే వైపు. తను దారి పొడుగునా నిలబడే కబుర్లు చెప్పేది.

ఆమె చెప్పే చరిత్ర నమ్మి పరీక్ష రాస్తే సున్నా వస్తుంది. సాలిహుండం కొండ మీద బౌద్ధుల స్తూపాలని చూపించి, "పూర్వం రాజుగారి గాదెలే ఇవి. ఒడ్లు పోసీవోరు" అని ఎంత ధీమాగా చెప్పేదంటే, పక్కన నిలబడ్డ ఎవరో కుటుంబం కూడా తలలూపేసింది. అక్కడ బోర్డు మీద వేరే రాసి ఉందత్తా అన్నాను. "ఆ బోర్డు మొన్న పెట్టినారు. నాను అంతకు ముందు నించీ వస్తన్నాను" అంది. శ్రీముఖలింగంలో దేవుడి వెనక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. అంత గోలెం ఆ చిన్న గుమ్మంలోంచి లోపలికి ఎలా వెళ్ళిందన్నదానికి ఊళ్ళో ఒక కథ ఉంది. అత్త దగ్గర ఎన్నో ఉన్నాయి. ఒకసారి కుమ్మరి భక్తికి మెచ్చి దేవుడే లోపలికి లాక్కున్నాడంది. ఇంకోసారి నేను మరీ గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కుని, "గోలెం ముందెట్టీసి దాని సుట్టూ గుడి కట్టీసినారే! తిను పులిహోర" అంది. ఇప్పటికీ నాకు ఆ జవాబే సరైనదనిపిస్తుంది.

చరిత్ర ఎలా ఉన్నా, చూడడం మాత్రం నాకు ఆమే నేర్పింది. ఏ చోటికెళ్ళినా మొదట కూర్చోబెట్టేది. గుడైనా, కొండైనా, సముద్రమైనా సరే. నేను పరుగెత్తబోతే జడ పట్టుకుని ఆపేది. "ముందు కూకో. ఆయాసం తీరనీ. రొప్పుకుంటా సూస్తే కళ్ళకేటి కనిపిస్తాది?" కళింగపట్నంలో బస్సు దిగి తిన్నగా నీళ్ళలోకి వెళ్ళడానికి వీల్లేదు. ఒడ్డున బోర్లించిన పడవ నీడలో చేపలమ్మే ఆడవాళ్ళుంటే, వాళ్ళ పక్కన చతికిలబడి, "ఏ వూరమ్మా మీది? ఈయేళ ఏటి పడ్డాయి?" అని మొదలెట్టేది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తూ నేను సముద్రాన్ని దూరం నుంచే చూస్తూ కూర్చునేదాన్ని. మొదట కోపం వచ్చేది. కాసేపటికి అలల వరసా, కెరటం విరిగేటప్పుడు దాని కింద పచ్చగా మెరిసే చోటూ, తెడ్డు భుజాన వేసుకుని నడిచే మనిషి నీడా అన్నీ విడివిడిగా కనిపించడం మొదలయ్యేవి. అప్పుడు, "ఇంక ఎల్లు, తడుపుకో" అనేది.

ఒక దసరా సెలవుల్లో, పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజున, నన్ను అరసవల్లి గుడికి తీసుకెళ్ళింది. ఆ కాసేపటి కోసం ఎక్కడెక్కడి జనమో వస్తారు. మండపంలో ఇసకేస్తే రాలడం లేదు. నేను మునివేళ్ళ మీద లేచి గర్భగుడి వైపు మెడ సాచుతుంటే అత్త నా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పేసింది. "ఆయన కాళ్ళ మీద ఎండ పడితే ఆయన సూసుకుంటాడు. నువ్వు ఈళ్ళని సూడు." ఎండ గోపురం కిందుగా వచ్చి ఒక్కో మొహం మీదుగా జరుగుతోంది. ఒక ముసలాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. చంటిబిడ్డ కళ్ళు చికిలించింది. గొడవపడుతూ వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఒకేసారి చేతులెత్తారు. స్వామి పాదాలు ఆ రోజు నాకు కనిపించలేదు. ఆ మొహాలు మాత్రం ఇన్నేళ్ళయినా పోలేదు.

ఇంతకీ పిట్టలు.

అత్తకి ఒక పట్టుదల ఉండేది. వచ్చినవాళ్ళకి అన్నీ చూపించేది కాదు. ఎంత టైమున్నా, బస్సు ఎంత ఖాళీగా ఉన్నా, ఒక్క చోటు కావాలని మిగిల్చేది. దాన్ని 'ఉంచీడం' అనేది. "అన్నీ ఒక్కపాలే సూసీస్తే మళ్ళీ మా ఇంటికి ఏటికొస్తారే?" ఒకరికి శ్రీకూర్మం ఉంచేది, ఇంకొకరికి రామతీర్థం, మరొకరికి విజయనగరం కోట. చుట్టాలు తిరిగి వెళ్ళేటప్పుడు అందరిలా "మళ్ళీ రండి" అనడం ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. బస్సు కదిలాక కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, ఉంచేసిన చోటు పేరు గట్టిగా చెప్పేది. "కూర్మం ఉన్నాది, గుర్తుందా? తాబేళ్ళకి తోటకూర ఎట్టనేదు!" అదే ఆమె వీడ్కోలు. ఏడుపొచ్చే మనిషి కూడా ఆ మాటకి నవ్వేవాడు.

నాకు ఉంచింది తేలినీలాపురం. టెక్కలి దగ్గర పల్లె. ఎక్కడో చలి దేశాల నుంచి గూడకొంగలూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. "ఆ వూరోళ్ళు పిట్టలనరే వోటిని. ఆడపిల్లలంతారు. పురిటికి పుట్టింటికొచ్చినట్టు వస్తాయి. ఇంటి మీద రెట్టేసినా ఏటీ అననీరు. ఏ ఏడైనా ఆలీసమైతే ఊరంతా ఆకాశం కేసి సూస్తాది" అని ఎంత మురిపెంగా చెప్పేదో. మరి తీసుకెళ్ళవే అంటే ప్రతిసారీ ఒక సాకు. వేసవిలో వెళ్తే, "ఎల్లిపోనాయి కదే." దసరాకి వెళ్తే, "ఇంకా కుదురుకోనేదు. పిల్లలు పుట్టనీ." పెళ్ళయ్యాక ఒక సంక్రాంతి దాటాక పనిగట్టుకుని వెళ్ళాను. అప్పుడు ఆమెకి మోకాలు వాచి ఉంది. "నువ్వొక్కదానివీ ఎల్తావా?" అని అడిగి, నేను తల అడ్డంగా ఊపేదాకా ఊపిరి బిగబట్టింది. ఆ తరవాత ఆమె నవ్విన నవ్వు నాకింకా కావాలి.

కిందటి వేసవిలో చివరిసారి చూశాను. కాంప్లెక్సు దాకా వచ్చింది. మెల్లగా నడుస్తోంది, అయినా కిటికీ పక్కకి వచ్చి, "పిట్టలున్నాయే! ఈ ఏడు తప్పదు. దసరాలు దాటినాక వచ్చీ!" అని అరిచింది. సరేనన్నాను. దసరా ఇంకా రాకముందే, పిట్టలు కూడా రాకముందే, ఆమె వెళ్ళిపోయింది.

పెద్దకర్మ అయిన సాయంత్రం నేనూ బావా వరండాలో కూర్చున్నాం. ఆ కుర్చీ అలాగే ఉంది, ఎవరమూ అందులో కూర్చోలేదు. నా ఫోనులో అత్త ఫోటోలు చూస్తున్నాం. అప్పుడు గమనించాను, ఏ ఫోటోలోనూ ఆమె మా వైపు చూడడం లేదు. చెయ్యి చాచి ఎటో చూపిస్తోంది. ఏం చూపిస్తోందో ఫోటోలో ఉండదు. "తేలినీలాపురంలో తీసిన ఫోటో ఏదైనా ఉందా బావా? తను వెళ్ళినప్పటిది" అన్నాను.

బావ ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాడు. తరవాత, "అమ్మ అక్కడికెప్పుడూ ఎల్లనేదు" అన్నాడు.

"అదేంటి? గూళ్ళూ చింతచెట్లూ రెట్టలూ అన్నీ చెప్పేదిగా!"

"టెక్కలి బస్సులో కూకున్నోళ్ళని అడిగి తెలుసుకున్నాది. నాను తీసుకెల్తానన్నాను. ఒప్పుకోనేదు. అది మేనకోడలికి ఉంచీసినాను, దానితోనే సూస్తాను అన్నాది."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ మనిషి ఎక్కని మెట్టు లేదు. ఆ ఒక్క ఊరు ఎందుకు దాచుకుంది? ఎవరి కోసం? వాచిన మోకాలితోనైనా ఆటోలో వెళ్ళిపోయేవాళ్ళం కదా. కోపం దిగాక మిగిలింది బెంగ. అది ఇప్పటికీ దిగలేదు. నాన్న ఎప్పుడో పోయాడు, ఇప్పుడు అత్త పోయింది. బావ ఆ ఇల్లు ఏం చేస్తాడో తెలియదు. నాకు ఆ నేల మీద ఇంకేం పనుంది? ఆ పిట్టల్ని కూడా చూసేస్తే ఇక శ్రీకాకుళం రైలెక్కడానికి కారణమే ఉండదు. చూడకపోతే ఆమె మాట మిగిలిపోతుంది. ఇంటికొచ్చాక వారాల తరబడి ఈ రెంటి మధ్యా కొట్టుకున్నాను.

చలి మొదలయ్యాక ఒక పొద్దున బావ ఫోను చేశాడు. "పిట్టలొచ్చినాయంట. పిల్లల్ని కూడా లేపినాయంట" అన్నాడు. అంతే. ఆ రాత్రి రైలుకే బయల్దేరాను.

బావ పులిహోర చేయించాడు. క్యారేజీ అదే. టెక్కలి బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు విసిరాడు. ఆ విసరడం చూసి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. టెక్కలిలో దిగి ఆటో ఎక్కాం. ఊరు ఇంకా రాకుండానే వాసన వచ్చింది, పచ్చిచేపల వాసన. తరవాత చప్పుడు. ఆ తరవాత చింతచెట్లు. కొమ్మ కొమ్మకీ గూళ్ళు, గూటి గూటికీ తెల్లని ఒళ్ళు, పొడుగు ముక్కులు. కింద ఇంటి కప్పులు సున్నం జల్లినట్టున్నాయి. నేను తల పైకెత్తి ముందుకు నడవబోయాను. బావ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు కూకో" అన్నాడు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అరుగు మీద అప్పటికే ఒక పెద్దావిడ చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆవిడ ఏమీ అడగకపోతే నాకే తోచలేదు. "పిట్టలు బాగా వచ్చాయా అమ్మా ఈ ఏడు?" అన్నాను.

"వచ్చినాయమ్మా. కాసింత ఆలీసంగా వచ్చినాయి. బెంగెట్టుకున్నాం" అందావిడ. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏ వూరు మీది?" అంది.

"అరసవల్లి" అన్నాను. గుంటూరు అనవలసింది. నోటికి ఆ మాటే వచ్చింది.

ఆయాసం తీరేసరికి గూళ్ళు విడివిడిగా కనిపించాయి. ఒక తల్లి నోరు బారుగా తెరిస్తే పిల్ల ఆ ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటోంది. ఇంకొకటి రెక్క అడ్డం పెట్టి పిల్ల మీద ఎండ పడకుండా నిలబడింది. ఎంత బాగుందంటే, "అత్తా, చూడవే" అని పక్కకి తిరిగాను కూడా. పక్కన బావ ఉన్నాడు. అతనూ ఏడుస్తున్నాడు. ఇద్దరం పులిహోర తిన్నాం. అందులో ఉప్పు తక్కువైందని ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఊరి చివర, చెట్లకి ఎదురుగా, పిట్టల్ని చూడడానికి కట్టిన టవరుంది. పైకెక్కితే గూళ్ళు పైనుంచి కనిపిస్తాయట, గుడ్లు కూడా కనిపిస్తాయట. ఎండ వాలుతుండగా దాని కింద నిలబడ్డాం. బావ మెట్టు మీద కాలు పెట్టి, "ఎక్కుదుమా?" అన్నాడు.

నేను పైకి చూశాను. మెట్లు ఎక్కువేం లేవు. టైముంది. కాళ్ళలో ఓపికా ఉంది.

"వద్దు బావా. ఉంచీద్దాం" అన్నాను.

అతను నా మొహంలోకి చూసి, మెల్లగా కాలు తీసేశాడు.

రైలు టికెట్టు దొరక్క తిరుగు ప్రయాణం బస్సులో అయింది. కాంప్లెక్సులో బావ నా సంచి పైన పెట్టి కిందికి దిగి ఊరికే నిలబడ్డాడు. వెళ్ళొస్తానన్నాను, తలూపాడు. బస్సు వెనక్కి జరిగి, తిరిగి, కదిలింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని ఆ మనిషి కిటికీ పక్కన నడవడం మొదలెట్టాడు. నాలుగడుగులు నడిచి, చెయ్యి చాచి టెక్కలి వైపు చూపిస్తూ, చుట్టూ జనం తిరిగి చూసేలా అరిచాడు.

"టవరుందే! టవరెక్కనేదు, గుర్తుందా?"