టోపీ లేకుండా వచ్చిన మనిషి

ఇస్తాంబుల్‌లో గలాటా అనే పేట ఉంది. పేరుకు తగ్గట్టే ఉంటుంది. సుల్తానుల రోజుల్లో అక్కడి రేవు పక్కనున్న వ్యాపారుల సత్రానికి ఇద్రిస్ ఆగా ద్వారపాలకుడు. చేతిలో కర్ర, తలకు లాజ్ అనే కొండజాతివాళ్లు చుట్టే నల్లటి తలగుడ్డ, నోటినిండా జాతుల పేర్లు. వచ్చినవాడి టోపీ చూసేవాడు, గడప మీద కర్రతో ఒక్కటి కొట్టేవాడు, "మోస్కోఫ్!" అని అరిచేవాడు. లోపల వంటవాడు రష్యావాళ్ల కోసం క్యాబేజీ కోయడం మొదలుపెట్టేవాడు. "అజం!" అంటే పారశీకుడికి హుక్కా వెలిగేది. "ఫ్రెంక్!" అంటే కుర్చీ వచ్చేది. ఫ్రెంకులకు మోకాళ్లు వంగవని ఆ సత్రంలో అందరికీ గట్టి నమ్మకం.

పేరు పిలవందే ఎవరూ గడప దాటకూడదు, ఇదీ అక్కడి ఆచారం. పిలవాల్సింది ద్వారపాలకుడే. వచ్చినవాడు తన గురించి తాను చెప్పుకునే మాట చెల్లదు.

"నువ్వెవరో నీకేం తెలుస్తుందయ్యా? నీ వీపు నువ్వెప్పుడైనా చూసుకున్నావా?" అని కసిరేవాడు ఇద్రిస్.

ఈ విద్య ఆయనకు పాత ద్వారపాలకుడి దగ్గర అబ్బింది. కొన్ని వందల ఏళ్ల కిందట ఫ్రాంకులనేవాళ్లు కత్తులు పట్టుకుని అరబ్బుల మీదికి వచ్చారు. ఆ తర్వాత ఆ దిక్కు నుంచి ఎవడొచ్చినా, వెనిస్‌వాడైనా మార్సెయ్‌వాడైనా, ఫ్రెంకే అయిపోయాడు. ఆ మాటే పారశీకుల నోట ఫరంగీ అయి, మన దాకా వచ్చి ఫిరంగిగా పేలింది. వియన్నా వైపు వాళ్లు నెమ్చెలు, అంటే మూగవాళ్లు. ఆ పేరు పెట్టింది పొరుగున ఉన్న స్లావులు. ఇస్తాంబుల్ వాళ్లు దాన్ని అర్థం కూడా అడక్కుండా అరువు తెచ్చుకున్నారు. గ్రీకుల్లో పారశీకులకు మొదట ఎదురైంది అయోనియా ఒడ్డువాళ్లు, దాంతో జాతి మొత్తానికీ యూనాన్ అనే పేరు స్థిరపడింది. మనం యవనులు అన్నదీ అలాగే. ముందు తగిలినవాడి పేరు వెనకున్న వాళ్లందరి మెడకూ చుట్టుకుంటుంది. అంతెందుకు, సత్రంలో విందులకు కోసే లావుపాటి కోడిని వంటవాడు 'హిందీ', అంటే మన దేశపుది, అనేవాడు. మనం దాన్ని టర్కీ కోడి అంటాం. అది పుట్టింది అక్కడా కాదు, ఇక్కడా కాదు. ఈ సంగతి తెలియకపోవడం ఆ కోడి చేసుకున్న పుణ్యం.

ఇద్రిస్ సొంత ఊరు నల్లసముద్రం ఒడ్డున లాజ్‌ల కొండల్లో. కుర్రతనంలో బాదంలాంటి ఫిందుక్ కాయల మూటలు మోసుకుంటూ సత్రంలోకి గుర్రాలశాల వైపు నుంచి దూరాడు. కూలీలకు పిలుపులు ఉండవు కాబట్టి ఆయన్నెవరూ పిలవలేదు. పెళ్లాం పోయాక ఒకసారి సొంత ఊరికి వెళ్తే వదినగారు గుమ్మంలోంచే, "ఇస్తాంబుల్‌వాడు వచ్చాడే!" అని ఇల్లంతా వినపడేలా అరిచి, చుట్టాల పరుపు వేసింది. తెల్లారగానే తిరిగొచ్చేశాడు. ఇక ఆయనకు లోకంలో మిగిలింది ఆ గడప, దాని పక్కన గది. ఆ నగరంలో ఏ పని ఏ ఊరివాళ్లదో ముందే రాసిపెట్టి ఉంటుంది. వంట బోలు అనే ఊరివాళ్లది, ఈ ద్వారం లాజ్‌లది. కాకపోతే సత్రం ధర్మకర్త ఫైజుల్లాకు ఓ బావమరిది ఉన్నాడు. తిని కూర్చునే ఆ బావమరిదికి ఈ కర్ర అప్పజెప్పాలని ఆయన కోరిక. జాతి తేల్చలేకపోయిన రోజున ద్వారపాలకుడు కర్ర దించి గది ఖాళీ చేయాలన్నది పాత నియమం. ఫైజుల్లా ఆ రోజు కోసం గోతికాడ నక్కలా కాచుకుని ఉన్నాడు.

ఆ రోజు దక్షిణపు గాలితో వచ్చింది. పడవ దిగిన ఒక పరదేశి టోపీని గాలి ఎత్తుకెళ్లి సముద్రంలో పారేసింది. తడిసిన గడ్డిలాంటి జుట్టుతో అతను గడప ముందు నిలబడ్డాడు. ఇద్రిస్ కర్ర పైకి లేచింది కానీ నోరు పెగల్లేదు.

ఎదురుగా కాఫీ అమ్మే ఆర్మేనియా మనిషి కిర్కోర్ ఇది చూశాడు.

"ఏంటి ఆగా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

"ఉండరా, ఉండు. తల ఉంది, టోపీ లేదు. దేన్ని చూసి చెప్పను?"

పరదేశి తన దేశం పేరేదో చెప్పాడు. గుండె మీద చెయ్యి వేసుకుని మళ్లీ చెప్పాడు. ఆచారం ప్రకారం ఎవరూ వినలేదు.

ఇద్రిస్ గొంతు తగ్గించి, "ఫ్రెంక్...?" అన్నాడు. లోపలి నుంచి వెనిస్ అద్దాల వ్యాపారి, మార్సెయ్ బట్టల వ్యాపారి వచ్చి ఎగాదిగా చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. వీడు మావాడు కాదు. నెమ్చె అందామంటే పరదేశి దిగింది మొదలు నోరు మూయలేదు. అంత వాగుడుకాయను మూగవాడనడానికి ఇద్రిస్‌కు మనసొప్పలేదు. మోస్కోఫ్ అనబోతే కిర్కోర్ పగలబడి నవ్వాడు.

"చలికి పళ్లు కొట్టుకుంటున్నాడు చూడు! వణికే మోస్కోఫ్‌ని నీ జన్మలో చూశావా?"

హుక్కా గొట్టం పట్టుకునే బయటికొచ్చాడు పారశీక దేశపు తబ్రీజ్ నుంచి వచ్చిన తివాచీల వ్యాపారి మీర్జా కుర్బాన్. "మా దగ్గర ఇంత రభస లేదు తమ్ముడూ. సముద్రం అవతలివాడు ఎవడైనా ఫరంగీయే. ఒక్క మాటతో సరి," అన్నాడు.

"నీ సంగతి చెప్పు ముందు," అన్నాడు కిర్కోర్. "ఇంట్లో మాట్లాడేది తుర్కీ. ఇక్కడ అజం అంటే పలుకుతావు. సిగ్గులేదూ?"

"అరబ్బులు తగిలించారు బాబూ ఆ పేరు. మాట సరిగా రానివాడని. దానికి మా ముత్తాత కత్తి దూశాట్ట. మా తాత గొణుక్కున్నాడు. మా నాన్న నవ్వేవాడు. నేనంటావా, పలికితే హుక్కా వస్తుంది కదా, పలుకుతున్నా."

అంతలో ఫైజుల్లా వచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు ముస్తాబై. "ఏం ఇద్రిస్, అతిథిని గాలిలో నిలబెట్టావ్? సాయంత్రం నమాజు పిలుపు ముగిసేలోగా తేల్చు. లేదంటే కర్ర ఇటివ్వు. మూటాముల్లె సర్దుకోవడానికి మావాడు సాయం చేస్తాడ్లే."

ఇద్రిస్ ఈ వయసులో ఎక్కడికి పోతాడు? వదినగారి చుట్టాల పరుపు మీదికా? గడప మీద చతికిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆయన వాలకం చూసి పరదేశికి జాలేసినట్టుంది. వంగి ఆయన భుజం తట్టి, వేలు పెట్టి చూపించి, ఎంతో ప్రేమగా, "తుర్క్," అన్నాడు. తర్వాత కిర్కోర్‌ని చూపించి "తుర్క్". మీర్జాని చూపించి "తుర్క్". చివరికి ఫైజుల్లాని కూడా.

ఇప్పుడైతే ఆ మాటకు ఊరేగింపులు చేస్తారు గానీ, ఆ రోజుల్లో ఆ నగరంలో తుర్క్ అంటే కొండల్లో మేకలు కాసే మోటువాడని అర్థం. పేటంతా ఒక్కసారిగా భగ్గుమంది.

"నేనా? శిలువ పెట్టుకున్నవాణ్ని నేను తుర్క్‌నా?" అని కిర్కోర్.

"ఇంత కన్నా ఫరంగీ అనుంటే బాగుండేది నన్ను!" అని మీర్జా.

ఫైజుల్లా మొహం వంకాయ రంగుకు తిరిగింది. "మా తాత సుల్తాను గారి దివాణంలో గుమాస్తా! తోసేయండి వీణ్ని!"

ఇద్రిస్ మాత్రం పరదేశిని కళ్లార్పకుండా చూశాడు. టోపీ చూడ్డం, వేలు చూపడం, ఎదుటివాడు నెత్తీనోరూ కొట్టుకున్నా వినకపోవడం. వీడెవడో తన వృత్తివాడే! తన ఊళ్లో ఏదో గడప దగ్గర నిలబడి ఉంటాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక అతిథి మీద ఆయనకు సొంత తమ్ముడి మీద ఉన్నంత ప్రేమ పుట్టింది.

దూరంగా మసీదు మీంచి పిలుపు మొదలైంది. ఇద్రిస్ లేచాడు. తన నల్ల తలగుడ్డ విప్పి, పరదేశి తడి జుట్టు చుట్టూ బిగించి కట్టాడు. కర్ర గడప మీద మోగింది.

"లాజ్!"

టోపీని బట్టే జాతి. సత్రంలో ఉన్న ఒకే ఒక్క లాజ్ మనిషి మావాడేనని ఒప్పుకుంటున్నాడు. ఇంకెవరు కాదంటారు? పరదేశి గడప దాటాడు. వంటవాడు లాజ్ అతిథి కోసం నెత్తళ్ల చేపలు వేయించడం మొదలుపెట్టాడు.

ఫైజుల్లా ఇద్రిస్ వైపు వేలు చూపించాడు. "సరే. ఆయన లాజ్. మరి ఈ బోడితల మనిషెవరు? ఇతన్నెవరు పిలిచారు లోపలికి?"

ఆచారం ప్రకారం ఇద్రిస్ తన గురించి తాను చెప్పుకోకూడదు.

"తలగుడ్డ లేదు, ఇతను లాజ్ కాడు. ద్వారపాలకుడు లేడు కాబట్టి మా బావమరిదిని..."

"ఎందుకు లేడు?" కిర్కోర్ అడ్డుపడ్డాడు. "ద్వారం లాజ్‌లది కదా. లోపలున్నాడుగా ఓ లాజ్! మీ ముందే పిలిచారు." అంటూనే ఇద్రిస్ చేతిలోంచి కర్ర లాగి పరదేశి చేతిలో పెట్టాడు.

పరదేశికి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. కర్ర పట్టుకోగానే వెన్ను నిటారైంది. గడప అవతల గాలిలో నిలబడ్డ ముసలాయన బట్టతలను కాసేపు పరీక్షగా చూశాడు. గడప మీద ఒక్కటి కొట్టాడు.

"తుర్క్!"

వంటవాడు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆ సత్రంలో తుర్కులకు గది లేదు, పొయ్యి లేదు, వాళ్లు ఏం తింటారో ఆయనకు తెలీదు. అదే మాట కాసేపటి కిందట పేటంతటినీ భగ్గుమనిపించింది. ఇద్రిస్‌కు మాత్రం కోపం రాలేదు. వేలమందిని లోపలికి పిలిచాడు కానీ, తనను ఈ గడప ముందు నిలబెట్టి, కర్ర కొట్టి, రమ్మని ఇన్నాళ్లూ ఎవరూ పిలవలేదు. కళ్లు తుడుచుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్లాడు.