డాబా మీద రెండు కుర్చీలు

ఏ వస్తువునైనా రెండుసార్లు చూసి గానీ ముట్టుకోదు హనుమమ్మ. అశోక్‌నగర్‌లో వీణ ఇంట్లో పనికి కుదిరి ఆరేళ్లయినా అంతే. ఆ ఆదివారం వీణ పెళ్లిరోజు. భర్త రాజశేఖర్ ఆమెతో మాట్లాడి వారమైంది. సాయంత్రం డాబా మీద ఇద్దరి భోజనానికి బల్ల వేయించి, పుస్తకంలో బొమ్మ చూపించి, "అచ్చం ఇట్లనే సర్దు హనుమమ్మా" అని చెప్పి వీణ స్నానానికి వెళ్లింది. హనుమమ్మ తెల్లగుడ్డ పరిచి, గులాబీలు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ బొమ్మను మళ్లీ చూసింది. కరెంటు ఉండగా కొవ్వొత్తులెందుకో తెలియకపోయినా వెలిగించింది. ఎదురెదురు కుర్చీలే ఆమెకు మింగుడుపడలేదు. తమ బస్తీలో ఆలుమగలను అలా కూర్చోబెట్టేది పంచాయితీ పెట్టినప్పుడే. ఒక కుర్చీని ఇవతలికి లాగి రెండింటినీ పక్కపక్కన వేసింది.

వీణ వచ్చి తెల్లబోయింది. "ఏంది, బొమ్మల ఇట్లనే ఉందా?"

"ఎదురుంగ కూసుంటె కొట్లాటే యాదికొస్తదమ్మా."

వీణ కుర్చీ మార్చేలోపే రాజశేఖర్ వచ్చి కూర్చున్నాడు. వీణ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఎదుటి డాబా మీద ఆరేసిన బట్టలనే చూస్తున్నారు. తాను చేసింది తప్పో ఒప్పో తేలక హనుమమ్మ నీళ్లజగ్గు పట్టుకుని నిలబడిపోయింది. రాజశేఖర్ తల తిప్పకుండానే, "వాళ్ల చీర ఎగిరిపోయేటట్టున్నది" అన్నాడు.

"క్లిప్పు పెట్టలే" అంది వీణ.