చేతికిచ్చిన కత్తి

ఇవాళ కొట్లో కూరగాయల కత్తి ఎంచుకుంటూ గోటితో కొట్టి విన్నాను. అమ్మ అలాగే చూసేది. నా ఏడో ఏట పిఠాపురంలో అలా పది కత్తులు మోగించి, “ఇది మంచి ఉక్కండీ” అని పక్కనున్న నాన్నమ్మతో ఒకటి తేల్చి చెప్పింది. నేను సంబరంగా దాన్ని తీసి నాన్నమ్మ చేతికిచ్చాను.

“కత్తి చేతికిస్తారుటే! కింద పెట్టాలి. గొడవలొస్తాయి,” అంది నాన్నమ్మ.

బస్సులో దారంతా వాళ్ళిద్దరి మొహాలే చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక వంకాయలు తరిగే దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఎవరూ చూడకుండా ఆ కత్తిని నేలమీద పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. అరుపులు ఆగలేదు.

నేను పుట్టకముందు నుంచీ వాళ్ళ తీరు అదేనని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఇవాళ కొట్టతను కత్తి అందివ్వబోతే నా చెయ్యి ముందుకు రాలేదు.

“అక్కడ పెట్టండి,” అన్నాను.