సారమ్మ మాట దిద్దిన ఫ్రెంచి నర్సు

ఎలెన్ సిస్టరంటే సారమ్మకు మొదటి వారంలోనే పడలేదు.

మానుకోట దిక్కు గూడూరు అవతల అడవి అంచు పల్లెలో మిషను వాళ్ళు నడిపే చిన్న దవాఖాన అది. మొగుడు పోయినంక సారమ్మ అక్కడ వంటకు కుదిరింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఆమె అన్న కొమురయ్య జైలుకు పోయివచ్చాడు. అది చప్పబడిపోయిన మూడేండ్లకు, ఫ్రాన్సు నుంచి ఎలెన్ నర్సుగా వచ్చింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ఎండకు ఎర్రగా కమిలిన ముఖం.

ఆమె తిండి తీరే వేరు. పొద్దున కాఫీ కప్పులో తాగదు. పిడి లేని పెద్ద గిన్నెలో పోయించుకొని, రెండు చేతుల పట్టుకొని, రొట్టె ముక్క ముంచుకొని తింటుంది. రొట్టెను పళ్ళెంలో పెడితే తీసి ఉత్త బల్ల మీద పెట్టుకుంటుంది. ఒకరోజు సారమ్మ రొట్టెను బోర్లా పెట్టింది. ఎలెన్ గభాలున తిప్పి పెట్టి, "మా దేశంలో తలలు నరికేవాడి రొట్టెనే అలా పెట్టేవారు. అపశకునం" అన్నది.

"నేనేమన్న తలలు నరికేదాన్నా?" అని సారమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడ పడేసింది.

తిండి సంగతి సరే, ఎవరి అలవాటు వాళ్ళది. కడుపు మండింది మాట దగ్గర. ఎలెన్‌కు తెలుగు నేర్పింది పెద్దనర్సు మనోరమ. ఆమెది కృష్ణా జిల్లా. సారమ్మ నోరు తెరిస్తే చాలు, మనోరమ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేది. ఎలెన్ నవ్వేది కాదు, దిద్దేది. "వచ్చినం కాదు సారమ్మా, వచ్చాం." పుట్టిన ఊళ్ళో, పుట్టినప్పటి నుంచి ఆడుతున్న మాటను, నిన్నగాక మొన్న దిగిన మనిషి దిద్దుడు!

టీకాల రోజు వరండా నిండా జనం. ఎంతమందికి గంజి కాయాలని ఎలెన్ అడిగింది.

"నాలుగిరువైల మంది ఉన్నరు సిస్టరమ్మా."

"అలా అనకూడదు. ఎనభై మంది ఉన్నారు. ఏదీ, అను."

అందరి ముందర మూడుసార్లు అనిపించింది. మనోరమ పకపక నవ్వింది. వరసలో కూసున్న ముసలవ్వలు, వాళ్ళూ ఇరవైలతోనే లెక్కపెట్టేటోళ్ళు, తలలు వంచుకున్నరు. సారమ్మకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆ నెలలోనే వరంగల్ దిక్కు నుంచి ఒక ఫ్రెంచి ఫాదరు భోజనానికి వచ్చాడు. తెలుగు బాగా వచ్చినాయన. ఎలెన్, మనోరమ కూడా బల్ల దగ్గరున్నారు. సారమ్మ పప్పు వడ్డిస్తూ ఆయన్ను అడిగింది. "అయ్యగారూ, మీ దేశంల ఎనభైని ఏమంటరు?"

"నాలుగు ఇరవైలంటాం. తొంభైని నాలుగు ఇరవైల పది" అని ఆయన నవ్వాడు.

సారమ్మ గరిటె బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "మరి నన్నెందుకు గట్ల చేసినవ్ సిస్టరమ్మా? నా నోట్లకెల్లి వస్తేనే తప్పా?"

ఎలెన్ ముఖం పాలిపోయింది. మెల్లగా చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఆడేది ఫ్రెంచి కాదట, బ్రెతోన్ అనే వేరే భాషట. బడిలో ఆ మాట ఆడితే మెడలో చెక్క చెప్పు కట్టేవారట. ఆ మాట ఆడిన ఇంకో పిల్లను పట్టిస్తేనే అది దిగేదట.

"నేను నా చెల్లెలిని పట్టించాను. నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదనే దిద్దాను సారమ్మా."

"నీ మెడల చెప్పు తెచ్చి నా మెడల ఏసినవ్. పైంగ మంచి చేసిన అనుకుంటున్నవా?"

"సారమ్మా, మర్యాద!" అని మనోరమ లేచింది.

"నవ్వినన్ని రోజులు నీ మర్యాద ఎటువోయింది? చారు పొయ్యి మీదున్నది, దించుకోండ్రి."

సారమ్మ కట్టుబట్టలతో మానుకోట బస్సెక్కింది. అక్కడ ఒక పురుళ్ళ దవాఖానలో ఆయాగా కుదిరింది. ఎలెన్ రెండుసార్లు కబురు పెట్టింది, ఒకసారి తానే వచ్చింది. సారమ్మ గడప దగ్గర్నే నిలబడి మంచినీళ్ళిచ్చింది. కూసోమనలేదు. బస్సు వచ్చేదాకా ఎలెన్ ఎండలోనే నిలబడింది. తర్వాత కొన్నేండ్లకు తన దేశం వెళ్ళిపోయిందని ఎవరో చెప్తే సారమ్మ "పోనియ్" అన్నది, అంతే.

ఎనభై మూడులో ఒక పొద్దున తండా నుంచి చంద్రి అనే పిల్లను నొప్పులతో ఎడ్లబండిలో తెచ్చిన్రు. ఆ పిల్ల లంబాడీలోనే ఏడుస్తున్నది. కొత్త నర్సు విసుక్కొని, "తెలుగుల చెప్పవే, ఏమర్థమైతది!" అని గదిమింది.

"నొప్పులకు తెలుగేందమ్మా? పోయి డాక్టరమ్మను పిలువు" అని సారమ్మ నర్సును బయటికి నూకినంత పనిచేసింది. ఆ పిల్ల మాట ఒక్కటీ ఆమెకూ తెలువదు. చంద్రి చెయ్యి తన చేతిలోకి తీసుకొని, ఆమె మూలిగినప్పుడల్లా "ఊ, ఊ" అనుకుంట పక్కనే కూసున్నది. పగటీలి పన్నెండుకు ఆడపిల్ల పుట్టింది.