నూటికి నాలుగు కొసరు

పోయినవి ఇరవై నాలుగు వేల గోనె సంచులు. దొంగలు ఎత్తుకెళ్లలేదు, వానకు తడవలేదు. నాలుగేళ్లలో నా చేత్తో నేనే ఇచ్చాను.

మా బేరంలో నూరు సంచులు కొన్నవాడికి నాలుగు కొసరు. కట్టలో చిరుగులుంటాయి కదా, వాటి కింద. బిల్లు మీద మాత్రం నూరే రాస్తాం. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. దుకాణంలో కూర్చుని నేనే నేర్చుకున్నాను. ఆరు లక్షల ఇరవై నాలుగు వేలు కొన్నాను, ఆరు లక్షలు అమ్మాను. తేడా కొసరని నాకు తెలుసు. పన్ను ఆఫీసుకు తెలియదు. ఆ సంచులన్నీ బిల్లు లేకుండా అమ్మానని నోటీసు వచ్చింది. పన్ను, జరిమానా, వడ్డీ కలిపి లక్షా ఇరవై వేలు. జవాబుకు పది రోజులు. జీఎస్టీ నంబరు రద్దు చేస్తామని కింద ఇంకో వాక్యం. నంబరు పోతే నా దగ్గర సంచులు కొనే మిర్చి వ్యాపారులు గడప తొక్కరు.

అప్పుడు వెతికాను అకౌంటెంటు కోసం. హన్మకొండలో మొదట కలిసినాయన నోటీసు సగమే చదివాడు.

"తడిసి ఖరాబైనయని రాద్దామన్నా. ఒక్క ముక్కతోటి ఖతం."

"తడిసినయి చూపెట్టుమంటె?"

"గప్పుడు చూద్దాం తియ్. నువ్వు జర ఫికర్ తగ్గించుకో. జీఎస్టీ పాస్‌వర్డ్ చెప్పు."

చెప్పలేదు. నోటీసు తీసుకుని మెట్లు దిగాను.

కాజీపేటలో ఇంటి ముందుగదినే ఆఫీసు చేసుకున్న ఒకామె ఉందని బ్యాంకులో చెప్పారు. గోడకు ఏసుప్రభువు క్యాలెండరు, బల్ల మీద ఫైళ్లు. నోటీసు రెండుసార్లు చదివింది.

"కొసరు బిల్లుల ఎందుకు రాయలేదన్నా? నాలుగు సంచులు, ధర సున్నా అని రాస్తె అయిపోతుండె."

"కొసరుకు బిల్లేందమ్మా? కూరగాయలోళ్లు కొత్తిమీర రాస్తరా?"

నవ్వింది కానీ పెన్ను కింద పెట్టలేదు. "కొన్నోళ్లు ఎందరు?"

"ముగ్గురు."

"ముగ్గురితోటి కొసరు ముట్టిందని రాపిచ్చుకరా. నా ఫీజు ఎనిమిది వేలు. అండ్ల కొసరు లేదు, ముందే చెప్తున్న."

నర్సంపేట వ్యాపారి ఆ పూటే రాసిచ్చాడు. వరంగల్‌లో ఉన్నాయన రెండు రోజులు తిప్పించుకుని సంతకం పెట్టాడు. మిగిలింది కేసముద్రం సేటు. నా సరుకులో సగం ఆయనకే పోతుంది. కొసరు నాలుగులో ఒక్కటి తగ్గినా కట్ట విప్పించి మళ్లీ లెక్కపెట్టించే మనిషి. గడువుకు ముందురోజు ఆయన గోదాములో నిలబడ్డాను.

"నేను రాసిస్తె, పన్నెండు వేల సంచులు నీ స్టాకుల ఏవిరా అని నన్నడుగుతరు. నీ నొప్పి నా మెడకెందుకు తమ్మీ?"

"తీసుకున్నది నిజమే కద సేటూ."

"తీసుకున్నననే అంటున్న. రాయనంటున్న. చాయ్ తాగి పో."

చాయ్ తాగలేదు. ఆమె రెండు కాగితాలతోనే జవాబు పంపింది. పదిహేను రోజులు ఫోను మోగినప్పుడల్లా ఆమేనేమోనని చూశాను. చివరికి నంబరు నిలిచింది. సాక్ష్యం ఉన్న సగం కొట్టేశారు. సేటు వాటా అరవై వేలు నా మీద పడింది. నెలకు అయిదు వేల చొప్పున కట్టుకునేలా ఆమే వాయిదాలు రాయించింది.

సేటు ఇప్పటికీ నా దగ్గరే కొంటాడు. కొసరు బిల్లులో రాస్తున్నానని మూతి ముడుస్తాడు, సంచులు మాత్రం లెక్కపెట్టించే తీసుకుంటాడు. ఏడు వాయిదాలు కట్టాను. ఈ రోజుకు బాకీ ఇరవై అయిదు వేలు.