బొట్టు పెట్టిన ట్యాంకులు

తెనాలి స్టేషన్లో ఆగిన మిలటరీ గూడ్సు మీదికి ఎక్కి, కాపలా సిపాయి గుడ్లప్పగించి చూస్తుండగా యుద్ధ ట్యాంకుకి టేపు పెట్టి పొడవూ వెడల్పూ కొలిచిన మొనగాణ్ణి నేను. ఆ కొలతలతో మొదలుపెట్టి మూడు వందల బళ్ళ సైన్యాన్ని తయారుచేశాను. ట్యాంకులు, శక్తిమాన్ లారీలు, జీపులు, ఫిరంగుల్ని లాగే బళ్ళు. అన్నీ అరచేతిలో ఇమిడేవే. చాలా ఏళ్ళు అవన్నీ మా మంచం కింద పడుకున్నాయి.

బొమ్మలు చేసుకుంటాడని నా వెనక నవ్వేవాళ్ళు. అవును, బొమ్మలే. అయితే ఏంటి? నేను కాలువల ఆఫీసులో ట్రేసర్ని. ఇంజనీర్లు గీసిన తూములకీ వంతెనలకీ నల్లసిరాతో నకళ్ళు తియ్యడం నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఇంకొకరి గీతల మీద గీతలు గీసినవాడికి, తన చేత్తో ఒక వస్తువుని నిలబెట్టాలనిపిస్తే అది తప్పెలా అవుతుంది? పేకాడేవాణ్ణి ఎవరూ ఎందుకాడుతున్నావని అడగరు. అట్టముక్క కోసేవాణ్ణి మాత్రం అందరూ అడుగుతారు.

ఆ టేపు సంగతి ఇక్కడే సరిచేస్తాను, లేకపోతే ముందుకి సాగనివ్వదు. ఎనభైల మొదట్లో నా ఉద్యోగం రేపల్లెలో. ఆఫీసు పని మీద రైల్లో తెనాలి వచ్చిన రోజున, ప్లాట్‌ఫారానికి అవతలి పట్టాల మీద ఆ గూడ్సు ఆగి ఉంది. నేను గూడ్సు ఎక్కలేదు. దగ్గరికి కూడా వెళ్ళలేదు. వెళ్ళబోతే సిపాయి హిందీలో ఏదో అన్నాడు. మాట అర్థం కాలేదు గానీ చేతిలో కర్ర అర్థమైంది. పట్టాల మీది కాలినడక వంతెనెక్కి, చెయ్యి చాచి పెన్సిలు పట్టుకుని, ఒక కన్ను మూసి కొలిచాను. మా డ్రాయింగువాళ్ళకి అది మామూలు విద్యే. సిపాయిది అయిదున్నర అడుగులని లెక్కవేసుకుని, ట్యాంకు ఎంతమంది సిపాయిల పొడవుందో చూశాను. ట్యాంకు మీద టార్పాలిన్ కప్పారు. గొట్టం కొసా చక్రాలూ తప్ప మిగతాదంతా నా ఊహే. ఆ సిపాయి ఆరడుగుల మనిషైతే నా ట్యాంకులన్నీ పొట్టివే. కాదనను.

అంగుళానికి ఆరడుగుల లెక్కన కాగితం మీద గీసి, కోయడం మొదలుపెట్టాను. పెళ్ళి శుభలేఖల అట్ట దీనికి శ్రేష్ఠం. మందంగా ఉంటుంది, వంగదు. అందుకే నా ట్యాంకుల్లో ఏది విప్పినా లోపల ఎవరిదో సుముహూర్తం ఉంటుంది. చక్రాలకి ఇంజెక్షను సీసాల రబ్బరు మూతలు. వాటి చుట్టూ పట్టాకి సైకిలు ట్యూబు, ఫిరంగి గొట్టానికి బాల్‌పెన్ను రీఫిలు, వైర్‌లెస్ కడ్డీకి చీపురుపుల్ల. మొదటి విడత మైదా జిగురుతో అతికించాను. రేపల్లె చెమ్మకి జిగురు మెత్తబడితే, శత్రువు చెయ్యలేని పని మా ఇంటి బొద్దింకలు చేశాయి. ఆ తరవాత పుస్తకాలు కుట్టేవాళ్ళలాగా జిగురులో మైలుతుత్తం కలపడం నేర్చుకున్నాను. మూడు వందలన్నాను కదా, ఆ లెక్కలో బొద్దింకలు తిన్నవాటిని కూడా అమరవీరులుగా కలిపాను. నిలబడి ఉన్నవి నూరు దాటి కొన్ని.

రంగుదే అసలు రహస్యం. ఎనామిల్ మెరుస్తుంది, మిలటరీ బండి మెరవకూడదు. అందుకని రంగులో మొహానికి రాసుకునే పౌడరు కలిపేవాణ్ణి. ఆరాక మట్టి కొట్టుకుపోయిన బండిలాగా గరుగ్గా కనపడేది. దగ్గరికెళ్ళి వాసన చూస్తే మాత్రం నా రెజిమెంటంతా అప్పుడే స్నానం చేసొచ్చిన పెళ్ళికూతురిలా ఉండేది.

తరవాత బాపట్ల బదిలీ అయింది. అక్కడ అద్దెకి రెండు గదులు. ఏటా దసరాకి మా ఆవిడ బొమ్మల కొలువు పెడుతుంది. ట్రంకుపెట్టెలూ పలకలూ మెట్లుగా పేర్చి, తెల్లపంచె పరిచి, పై మెట్టు మీద దేవుళ్ళు, కింద కొండపల్లి బొమ్మలు. ఏడాదికి ఒక్క కొత్త బొమ్మయినా చేరాలన్నది వాళ్ళ పుట్టింటి పట్టుదల. ఆ ఏడు ముసురు పట్టి బజారుకి కదలనివ్వలేదు. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి అట్టడుగు మెట్టు మీద నా ట్యాంకు ఉంది.

"అదేంటే, అక్కడ పెట్టావు?"

"కొత్త బొమ్మ లేకుండా కొలువు పెడతారా ఎవరైనా? మంచం కింద ఇన్ని పెట్టుకుని నేను వానలో తడుస్తూ బజారుకి పోవాలా?"

"అది బొమ్మ కాదు, నమూనా."

"నమూనా అయితే ఇంకా మంచిది, కదలకుండా కూచుంటుంది."

మర్నాటికి ఇంకో రెండు మెట్లు లేచాయి. రెజిమెంటంతా మంచం కిందనుంచి బయటికి వచ్చింది. పేరంటానికి వచ్చినవాళ్ళు దేవుళ్ళని ఒకసారి చూసి, కింది మెట్ల దగ్గర కూలబడిపోయేవాళ్ళు. పక్కవాటా ఆవిడ, "వదినగారూ, ఈ లారీ మీద టార్పాలిన్ మా వారి పాత లుంగీలా ఉందే!" అంది. అది వాళ్ళ వారి పాత లుంగీయే. నేను గదిలోంచి బయటికి రాలేదు.

ఆయుధపూజ నాడు ఆఫీసునుంచి వచ్చి చూసేసరికి మెట్ల ముందు చతికిలబడ్డాను. ప్రతి ట్యాంకు నుదుటా కుంకుమబొట్టు. పొడి కుంకుమ నిలవలేదని నూనెలో కలిపి మరీ పెట్టింది. ప్రతి బండి చక్రం కిందా ఒక నానబెట్టిన శనగగింజ.

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"ఊళ్ళో రిక్షాకి పెడుతున్నారు, రోడ్డురోలరుకి పెడుతున్నారు. ఇవి బళ్ళూ అయ్యె, ఆయుధాలూ అయ్యె. వీటికి పెట్టకపోతే ఇంక దేనికి పెడతామండీ? నిమ్మకాయలే పెడదామనుకున్నా. ట్యాంకు పోయి నిమ్మకాయ మీదెక్కి కూచుంది. అందుకని శనగగింజలు."

"స్కేలు ప్రకారం ఆ శనగగింజ నిమ్మకాయ కాదు తెలుసా? పేద్ద బూడిదగుమ్మడికాయ!"

"అదీ కొడతారుగా పూజకి" అంది, పెసరపప్పు చెంబులో పోసుకుంటూ.

ఆ రోజు నేను అన్నం తిననని భీష్మించాను. పులిహోర ఉంది కాబట్టి తిన్నాను.

కొన్ని వారాలకి ఊళ్ళో ఒక క్లబ్బువాళ్ళు చేతిపనుల ప్రదర్శన పెట్టారు. నాకూ ఒక బల్ల ఇచ్చారు. బహుమతి మీద నాకు ఆశ లేదు. నాకు కావలసింది ఒక్కటే. మంచం కింద కాదు, పేరంటంలో కాదు, ఒక పెద్ద హాల్లో, నా పేరు రాసిన చీటీ పక్కన, ఊళ్ళోవాళ్ళు వీటిని ఒక మనిషి చేసిన పనిగా చూడాలి. అందులోనూ బాగోగులు నిర్ణయించేది పిట్టలవానిపాలెంలో స్థిరపడిన ఒక మాజీ సైనికుడని తెలిసి, పొద్దున్నే రెండు రిక్షాల్లో సైన్యాన్ని దింపాను. మా ఆవిడ వెనక రిక్షాలో బళ్ళు పేర్చిన పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

ఆయన వచ్చాడు. మీసం, బూట్లు, చేతులు వెనక్కి. వంగి ప్రతి బండినీ చూశాడు. "పొడవు కాస్త తగ్గింది గానీ, పనితనం బాగుందండి మాస్టారూ" అన్నాడు. నా ఎత్తు మూడంగుళాలు పెరిగింది. అంతలో ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఇదేంటి, బొట్టా?"

"అవునండి. ఆయుధపూజకి పెట్టిందండి మా ఆవిడ."

"ఇది ఎగ్జిబిషనా, బొమ్మల కొలువా? తుడిచెయ్యండి. కాసేపాగి మళ్ళీ వస్తా. అప్పటికీ ఉంటే పక్కన పిల్లల గదిలో పెట్టుకోండి. అక్కడ ఏదైనా చెల్లుతుంది."

ఆయన ముందుకి వెళ్ళిపోయాడు. నేను నిలబడ్డాను. ఆయన తిరిగి వచ్చేదాకా నిలబడే ఉన్నాను. వచ్చాక హాలంతా వినపడేలా చెప్పాను: "అన్నగారూ, ఈ బళ్ళు మా ఇంట్లో పుట్టాయి. మా ఇంట్లో బండికి బొట్టు పెడతారు. పిల్లల గదికీ పంపను, బొట్టూ తుడవను. పొట్టివన్నారు, పడ్డాను. ఇది మాత్రం పడను."

పళ్ళేలు ఎత్తి మొత్తం సైన్యాన్ని బయటికి నడిపించాను. ప్రహరీగోడ మీద, గేటునుంచి బస్సులు ఆగే చోటుదాకా బారులు తీర్చాను. హాలు ఖాళీ అయిపోయింది. జనమంతా గోడ దగ్గరే. చీరాల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వచ్చిన బస్సుని వదిలేశారు. బుట్టల్లో ఎండుచేపలు తెచ్చిన వాడరేవు ఆడమనిషి ఒకావిడ నా ముందున్న ట్యాంకుని చూసి, "మా పడవకీ ఇట్టాగే పెడతాం బాబాయ్, బొట్టు లేకుండా సముద్రంలోకి దింపం" అంది. నాకు ఇంకే బహుమతి కావాలి?

హాలు ఖాళీ కావడానికి లోపల కరెంటు పోవడం కూడా కొంత కారణం. కొంతేమిటి, చాలానే. చీరాల బస్సుని ఎవరూ వదల్లేదు, అదే నిండుగా ఉండి ఆగలేదు. అయినా వాళ్ళు చూశారు. వెలుతుర్లో, తీరిగ్గా చూశారు. నా పేరున్న చీటీ గాలికి ఎగిరిపోతుంటే ఒకాయన తెచ్చి లారీ కింద పెట్టి వెళ్ళాడు.

తొంభైలలో తెనాలి చేరాను, అక్కడే రిటైరయ్యాను. ముందుగదిలో అద్దాల బీరువా చేయించి సైన్యాన్ని అందులోకి ఎక్కించాను. ఒక్క బొట్టు కూడా తియ్యలేదు. వచ్చినవాళ్ళు అడిగితే ఇదంతా చెబుతాను. అందరికన్నా ముందుండే ట్యాంకు మాత్రం గోడవైపు తిరిగి ఉంటుంది. ఎందుకని అడుగుతారు. శత్రువు వెనకనుంచి వస్తాడు కాబట్టి అంటాను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. చింతపండు ఈనెలు తీస్తూ అంతా విని, చెయ్యి ఆపింది.

"టేపు ఒప్పుకున్నారు, కరెంటు ఒప్పుకున్నారు. ఇదెందుకు మింగేశారు? ఆయన అటు తిరగ్గానే మీరు ముందు ట్యాంకు తీసుకుని హాలు వెనక్కి పోలా? కిరసనాయిలు గుడ్డ పెట్టి రుద్దలా? పౌడరు కలిపిన రంగు నూనె తాగేసిందని నా మీద పడి ఏడవలా? బొట్టు రాలా, రంగే ఊడొచ్చింది. ఆ మొహం కనపడకూడదనేగా గోడకి తిప్పి పెట్టారు! పిల్లల గదిలోనే పెట్టేద్దామే అన్నారు మీరు. నా బొట్టు ఉన్నది ఏ పిల్లల గదికీ పోదు, గోడ మీద పెడదాం పదండి అన్నది నేను. మొదటి పళ్ళెం ఎత్తింది కూడా నేనే. రాస్తే అట్టా రాయండి."